గోదావరి డెల్టాలో పాత రైళ్ల జాడ, అరుదైన ఇంజిన్ల వేట: ఎక్కడ మొదలెట్టాలి, ఎలా చూడాలి

ప్లాట్‌ఫాం మీద అందరూ తమ బోగీ ఎక్కడాగుతుందా అని పరుగులు పెడుతుంటే మీ కళ్లు ఇంజిన్ వైపే పోతాయా? గేటు పడి, గూడ్సు బండి ఎంతకీ తెమలక జనం విసుక్కుంటుంటే మీరు మాత్రం వ్యాగన్లు లెక్కపెడుతూ నిలబడతారా? ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అంటారు. అననివ్వండి. ఆ పిచ్చికి ఓ పద్ధతి నేర్పడానికే ఈ రాత.

గోదావరి జిల్లాల్లో ఈ పని చేసేవాళ్లకు ముందుగా ఒక మాట. ఇక్కడ రైలు కథంతా నీళ్లు చెప్పినట్టే నడిచింది. లైను ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ ఆగిపోవాలో, ఎప్పుడు రావాలో అన్నీ గోదావరి, దాని పాయలు, కాలవలే తేల్చాయి. వట్టి ఇంజిన్ల వెంట పడితే నాలుగు ఫొటోలు మిగులుతాయి. నీటి వైపు నుంచి చూడటం అలవాటు చేసుకుంటే, ఈ ఇంజిన్ ఇక్కడికి ఎందుకొచ్చిందో కూడా అర్థమవుతుంది.

ముందు మ్యాపు మీద కూర్చోండి

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి విజయవాడ నుంచి సామర్లకోట దాకా మెయిన్ లైను వెంట వేలు జరుపుతూ పోండి. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు. గోదావరి దాటితే రాజమండ్రి, ద్వారపూడి, అనపర్తి, సామర్లకోట. ఈ లైను డెల్టా నడిబొడ్డులోకి దిగకుండా దాని తల మీదుగా పోతుంది. పాయలు చీలకముందు, నది ఒక్కటిగా ఉన్నచోట దాటితే ఒక్క వంతెనతో పోతుంది. కిందికి దిగితే గౌతమి, వైనతేయ, వశిష్ఠ అన్నింటి మీదా కట్టుకుంటూ పోవాలి. కోనసీమ మధ్యలో ఉన్న అమలాపురానికి రైలు అందకపోవడానికి మూలం ఈ లెక్కే.

ఇప్పుడు కొమ్మ లైన్లు చూడండి. సామర్లకోట నుంచి కాకినాడ, కాకినాడ నుంచి కోటిపల్లి, నిడదవోలు నుంచి తణుకు, అత్తిలి మీదుగా భీమవరం, అక్కడి నుంచి ఇటు నరసాపురం, అటు గుడివాడ. వీటిలో చాలావరకు నీటి దగ్గరకొచ్చి ఆగిపోయినవే. కాకినాడ పోర్టు సముద్రం ఒడ్డున, కోటిపల్లి గౌతమి ఒడ్డున, నరసాపురం వశిష్ఠ ఒడ్డున. ఈ మూడు కొసలూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మూడింటికీ వెళ్లాల్సిందే.

రాజమండ్రిలో ఒక రోజు పూర్తిగా పెట్టండి

కొత్తగా మొదలెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. మూడు తరాల రైలు వంతెనలు ఒకే ఊళ్లో, ఒకే నది మీద కనిపిస్తాయి.

మొదటిది పాత వంతెన, హేవ్‌లాక్ బ్రిడ్జి. తూర్పు తీరం లైను విజయవాడ నుంచి కటక్ దాకా 1893 నుంచి 1896 మధ్య ముక్కలుముక్కలుగా తెరుచుకుంది. అప్పటికి గోదావరి మీద వంతెన లేదు. రైలు దిగి, నది దాటి, అవతలి ఒడ్డున మళ్లీ రైలెక్కాలి. వంతెన పని 1897లో మొదలై 1900లో బండ్లు నడిచాయి. ఇంజినీరు గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో గంగ మీద రైలు వంతెన కట్టింది కూడా ఈయనే. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు దీనికి పెట్టారు. దాదాపు నూరేళ్లు మోసి, 1997లో విశ్రాంతి తీసుకుంది.

రెండోది 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన. పైన బస్సులు, కింద బండ్లు. మూడోది కాంక్రీటు విల్లుల వంతెన, 1990ల్లో కట్టినది. పాతదాని స్థానంలోకి వచ్చింది ఇదే.

ఇక చూడటం ఎలాగో చెప్తాను. రాజమండ్రి నదికి తూర్పు గట్టున ఉంది. కాబట్టి పుష్కర ఘాట్ వైపు నుంచి పొద్దున చూస్తే ఎండ మీ వెనక నుంచి వంతెన మీద పడుతుంది. ఇంజిన్ రంగు, నంబరు స్పష్టంగా వస్తాయి. సాయంత్రమైతే సూర్యుడు అవతల కొవ్వూరు వైపు దిగుతాడు కాబట్టి విల్లులు, వాటి మధ్య పోయే బండి నల్లగా కోసినట్టు కనిపిస్తాయి. అందం కావాలంటే సాయంత్రం, వివరం కావాలంటే పొద్దున. కొవ్వూరు గోష్పాద రేవు నుంచైతే ఈ లెక్క తిరగబడుతుంది. రెండు గట్ల నుంచీ వివరంగా కావాలంటే పొద్దున రాజమండ్రిలో ఉండి, మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రం వెలుతురుకు కొవ్వూరు చేరండి.

ఘాట్ దగ్గర నిలబడ్డాక ఒక పని చేయండి. పాత వంతెన ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాలు, లెక్కపెట్టండి, తర్వాత విల్లుల వంతెనవి. పాతదానికి 56, ఒక్కోటి దాదాపు 45.7 మీటర్లు. కొత్తదానికి 28, ఒక్కోటి 97.5 మీటర్ల పైచిలుకు. సరిగ్గా సగం! 1900 నాటి ఉక్కు దూలం ఎంత దూరం చాచగలిగిందో, నూరేళ్ల తర్వాత కాంక్రీటు విల్లు ఎంత దూరం చాచిందో ఈ రెండు అంకెల్లోనే ఉంది. రోడ్డు-రైలు వంతెనది ఇంకో తమాషా. దానికి 91.5 మీటర్ల ఖానాలు 27 ఉండగా, రాజమండ్రి కొసన 45.72 మీటర్లవి ఏడు ఉన్నాయి. ఊరు అప్పటికే గట్టు దాకా పెరిగిపోయింది. ఇళ్ల మధ్యలోంచి వంపు తిరిగి దిగాల్సి రావడంతో ఆ కొసను చిన్న ఖానాలతో కట్టారు. ఆ వంపులో బండి తిరుగుతున్నప్పుడు కిటికీలోంచి మీ ఇంజిన్ మీకే కనిపిస్తుంది. ఆ సీటు కోసం దెబ్బలాడటంలో తప్పులేదు.

ఫొటోకి మాత్రం విల్లుల వంతెనే మేలు. వేలాడే కడ్డీల మధ్య ఇంజిన్ పూర్తిగా దొరుకుతుంది. రోడ్డు-రైలు వంతెన మీద ఇంజిన్ ఉక్కు చట్రంలో చిక్కుకుపోయి ముక్కలుగా కనిపిస్తుంది.

నీటి కాలం కూడా చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు బొమ్మ అదిరిపోతుంది. పునాదులు, స్తంభాల అడుగుభాగం, రాతి పని చూడాలనుకునేవాళ్లు మాత్రం వేసవిలో రండి. ఇసుక తేలి, స్తంభం కాళ్ల దాకా కనిపిస్తుంది. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లకు నేను చెప్పేది వేసవే.

ఇంజిన్‌ను చదవడం

ఇంజిన్ పక్కన పెద్ద అక్షరాల్లో ఉండే పేరు అర్థమైతే సగం పని అయినట్టే. మొదటి అక్షరం పట్టాల వెడల్పు చెబుతుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, వై అంటే మీటర్ గేజ్, జెడ్ అంటే నారో గేజ్. రెండోది ఇంధనం: డీ అయితే డీజిల్, ఏ అయితే కరెంటు. మూడోది పని: పీ ప్యాసింజర్లకు, జీ గూడ్సుకు, ఎం రెండింటికీ, ఎస్ షంటింగుకు, అంటే యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరపడానికి. డబ్ల్యూఏపీ-7 అంటే బ్రాడ్ గేజ్ మీద నడిచే, కరెంటుతో నడిచే, ప్యాసింజర్ బండ్ల ఇంజిన్, ఏడో రకం. ఆవిరి ఇంజిన్లకు రెండో అక్షరం ఉండదు. పాత ఫొటోలో డబ్ల్యూపీ, డబ్ల్యూజీ అని కనిపిస్తే అది బొగ్గు ఇంజిన్.

తర్వాత నంబరు. 22తో మొదలైతే డబ్ల్యూఏపీ-4 అయ్యుంటుంది, 27 లేదా 28 అయితే డబ్ల్యూఏజీ-7, 30 అయితే డబ్ల్యూఏపీ-7 గానీ డబ్ల్యూఏపీ-5 గానీ, 31 అయితే డబ్ల్యూఏజీ-9. నాలుగైదుసార్లు స్టేషన్‌కి పోతే ఇవి నోటికి వచ్చేస్తాయి. నంబరు పక్కనే, లేదా క్యాబ్ (డ్రైవరు గది) కింద, షెడ్ పేరు, అంటే ఆ ఇంజిన్ బాగోగులు చూసే సొంత చోటు పేరు, రాసి ఉంటుంది: విజయవాడ, లాలాగూడ, కాజీపేట, విశాఖపట్నం. నోటు పుస్తకంలో రాయాల్సినవి నాలుగే: రకం, నంబరు, షెడ్, లాగుతున్న బండి. ఐదోది మీ ఇష్టం. నేనైతే ఎటు మొహం పెట్టి పోతోందో రాస్తాను, ఒకే క్యాబ్ ఉన్న డీజిళ్లకు అది పనికొస్తుంది.

మరి అరుదైనది అని ఎలా పట్టుకోవాలి? మామూలుగా వచ్చేవి ఏవో తెలిస్తేనే వింతది కంట పడుతుంది. అందుకే మొదటి కొన్నాళ్లు వింతల కోసం చూడకండి. రోజూ వచ్చే బండ్లనే రాయండి. గోదావరి, గౌతమి, రత్నాచల్, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లకు సాధారణంగా ఏ రకం, ఏ షెడ్ ఇంజిన్ వస్తుందో మీ పుస్తకంలోంచే తేలుతుంది. ఒకరోజు ఉత్తరాది షెడ్ పేరుతో ఒకటి వచ్చి ఆగితే, అప్పుడు ఎగిరి గంతేయండి.

వింతలు ఎలా ఉంటాయో తెలియడానికి ఒక ఉదాహరణ. విశాఖపట్నం షెడ్‌లో డబ్ల్యూఏజీ-6 అనే జాతి ఉండేది. దేశం మొత్తానికి 18 ఇంజిన్లు. ఆరు స్వీడన్‌లో ఏఎస్ఈఏ (ASEA) కంపెనీ చేసినవి, పన్నెండు జపాన్ హిటాచీవి. 1980ల చివర్లో దిగుమతి చేసుకుని, ఇనుప ఖనిజం దించే కొత్తవలస-కిరండోల్ ఘాట్ లైనులో నడిపారు. అందులో కొన్నింటికి చక్రాల అమరికే వేరు. మామూలుగా ఇంజిన్ కింద మూడేసి ఇరుసుల బోగీలు (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, చక్రాల చట్రం) రెండు ఉంటాయి కదా, వీటికి రెండేసి ఇరుసుల బోగీలు మూడు. ఘాట్ వంపుల్లో తిరగడానికి ఆ అమరిక. 18 ఇంజిన్లకు విడిభాగాలు ఎన్నాళ్లని దొరుకుతాయి! అన్నీ మూలబడ్డాయి. పక్క జిల్లాలోనే ఉన్నా చూడకుండా వదిలేసినవాళ్లు ఇప్పుడు ఫొటోలు వెతుక్కుంటున్నారు. ఇవాళ మామూలుగా కనిపించే డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏపీ-4లకూ వయసు మీద పడుతోంది. వాటిని ఇప్పుడే తీసిపెట్టుకోండి.

ఇప్పటి వింతల్లో పెద్దది డబ్ల్యూఏజీ-12. బీహార్‌లోని మాధేపురాలో తయారవుతుంది, రెండు ఇంజిన్లు వీపులు ఆనించి కలిపినట్టుంటుంది, 12,000 హార్స్‌పవర్. నంబరు 60తో మొదలవుతుంది. గేటు దగ్గర ఇది పోతుంటే గేట్‌మన్ కూడా ఓసారి తలెత్తి చూస్తాడు.

ఇంజిన్లే కాదు, లూప్ లైన్లో, అంటే మెయిన్ లైను పక్కన బండ్లు ఆపే పట్టాల మీద, నిలబడి ఉండే పసుపు యంత్రాల్ని కూడా వదలకండి. కంకర కుదించే ట్యాంపింగ్ మెషీన్, పైన నిచ్చెన, అరుగు ఉన్న టవర్ కార్, యాక్సిడెంట్ రిలీఫ్ ట్రైన్. టైమ్‌టేబుల్‌లో ఉండవు, యాప్‌లో కనిపించవు. నిడదవోలు, సామర్లకోట లాంటి జంక్షన్లలో ప్లాట్‌ఫాం కొసన నిలబడి లూప్ వైపు చూడటమే మార్గం. డీజిల్ కూడా ఇప్పుడు డెల్టాలో వింత కింద లెక్క. యార్డులో షంటింగు డీజిల్ దొరికితే ఊరికే ఫొటో తీసి పోకండి, ఫోన్‌లో శబ్దం రికార్డు చేయండి. ఆల్కో (పాత అమెరికన్ నమూనా డీజిల్) ఇంజిన్ ఊరికే నిలబడి ఉన్నప్పుడు చేసే ఆ దడదడ, మధ్యలో ఒక లయ తప్పినట్టు వచ్చే ఊపు, ఏ ఫొటోలోనూ పట్టుబడదు.

గూడ్సు ఆగినప్పుడు ఏం చేయాలి

వ్యాగన్ మీద 11 అంకెల నంబరు ఉంటుంది. అది ఊరికే వేసింది కాదు. మొదటి రెండు వ్యాగన్ రకం. తర్వాతి రెండు ఏ జోన్ సొంతమో చెబుతాయి, దక్షిణ మధ్య రైల్వే అయితే 09. ఆపైన రెండు తయారైన సంవత్సరం. తర్వాత నాలుగు దాని సొంత సంఖ్య. చివరి ఒక్క అంకె సరిచూసుకోవడానికి.

ఆ చివరి అంకె లెక్క సరదాగా ఉంటుంది, పిల్లలు పక్కనుంటే వాళ్లకూ కాలక్షేపం. 2209120456 అనే పది అంకెలు చూశారనుకుందాం. సరి స్థానాల్లో ఉన్నవి, అంటే రెండోది, నాలుగోది, ఆరోది, ఎనిమిదోది, పదోది కూడండి: 2, 9, 2, 4, 6 కలిపితే 23. దాన్ని మూడుతో గుణించండి, 69. ఇక బేసి స్థానాలు: 2, 0, 1, 0, 5 కలిపితే 8. మొత్తం 77. పైనున్న పదుల అంకె 80. 80లోంచి 77 తీస్తే 3. అంటే పదకొండో అంకె 3 అయ్యుండాలి. వ్యాగన్ మీద వేరే అంకె కనిపిస్తే, మీరు తప్పు చదివారు, లేదా పెయింటు వేసినవాళ్లు తప్పు వేశారు. రెండోది దొరికితే పండగే.

2209120456 అన్న ఆ నంబరును ఇప్పుడు మళ్లీ చదవండి. 22 రకం, దక్షిణ మధ్య రైల్వేది, 2012లో పుట్టింది. దుమ్ము కొట్టుకుపోయిన వ్యాగన్ వయసు ఇట్టే తెలిసిపోయింది కదా. పెట్టె మీద చివరిసారి మరమ్మతు చేసిన వర్క్‌షాప్ పేరు, తేదీ కూడా ఉంటాయి. విజయవాడ పక్కన రాయనపాడు దగ్గరున్న గుంటుపల్లి వర్క్‌షాప్ పేరు మన వైపు తరచూ కనిపిస్తుంది.

కోటిపల్లి లైను: తీసేసి మళ్లీ వేసిన దారి

డెల్టాలో రైలు చరిత్ర చూడాలంటే ఒక్క రోజే ఉందని ఎవరైనా అడిగితే రాజమండ్రి అంటాను. రెండో రోజు ఉందంటే కోటిపల్లి.

కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో పడింది. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి గట్టు దాకా. పట్టుమని పన్నెండేళ్లు నడిచిందో లేదో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో పట్టాలు ఊడదీసి యుద్ధ అవసరాలకు తీసుకుపోయారు. దేశంలో ఆ రోజుల్లో ఇలా పట్టాలు పోగొట్టుకున్న కొమ్మ లైన్లు చాలానే ఉన్నాయి, మళ్లీ తెచ్చుకున్నవి తక్కువ. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జీఎంసీ బాలయోగి దీని కోసం గట్టిగా పట్టుబట్టారు. ఆయన 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. లైను 2004లో తెరుచుకుంది. ఆ తర్వాత దీని మీద రైల్ బస్సు నడిచింది: ఒకే పెట్టె, లోపల బస్సు ఎక్కినట్టే. వింత బండ్లు వెతికేవాళ్లకు దాని ఫొటో ఒకటి సంపాదించుకోవడం మంచి పని. లైను వెంబడి ఊళ్లలో అడిగితే ఎవరి ఫోన్‌లోనో, ఎవరి పెళ్లి ఆల్బమ్‌లోనో దొరక్కపోదు.

ఇక్కడ చేయాల్సిన పని ఇది. బయల్దేరే ముందు బండి ఉందో లేదో స్టేషన్‌లోనే కనుక్కోండి. బండి లేకపోతే రోడ్డు వెంట పోండి, లైను చాలాచోట్ల రోడ్డుకు దగ్గర్లోనే ఉంటుంది. చిన్న కల్వర్టుల దగ్గర ఆగండి, కాలవ మీద పడ్డ ప్రతి చోటా. పక్కన పాత ఇటుక కట్టు, సున్నం, కొత్త కాంక్రీటుకి అతుకు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి, పక్కన ఒక స్కేలో, చేతి కర్రో పెట్టండి. కొలత లేని ఫొటో తర్వాత దేనికీ పనికిరాదు.

చివరికి కోటిపల్లి చేరాక రేవులోకి నడవండి. అక్కడి నుంచి గౌతమి దాటించి, కోనసీమ మీదుగా నరసాపురం కలిపే లైను 2000-01 నుంచి మంజూరై ఉంది. దాని వంతెన స్తంభాలు నదిలో లేచి ఉన్నాయి. 1928లో లైను ఎందుకు ఇక్కడ ఆగిందో ఆ నీటి వెడల్పు చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

భీమవరం వైపు కథ వేరే. గుడివాడ-భీమవరం లైను కూడా 1928లోనే వచ్చింది, అయితే మీటర్ గేజ్‌గా. 1960ల్లో బ్రాడ్ గేజ్ అయింది. ఈ మధ్యే విజయవాడ నుంచి భీమవరం, నరసాపురం, నిడదవోలు, మచిలీపట్నం కలుపుతూ 221 కిలోమీటర్ల మేర రెండో లైను వేసి కరెంటు తీగలు పెట్టారు. కాబట్టి పాత సింగిల్ లైను ఆనవాళ్లు చాలావరకు చెరిగిపోయాయి. భీమవరంలో టౌన్, జంక్షన్ అని రెండు స్టేషన్లు ఉన్నాయి, రెండూ చూసి, లైన్లు ఎలా వచ్చి కలుస్తున్నాయో మీ చేత్తో ఓ బొమ్మ గీసుకోండి.

దవళేశ్వరం: కాలవల మనిషి వేసిన పట్టాలు

ఆర్థర్ కాటన్‌కి డెల్టాలో ప్రతి ఊళ్లో విగ్రహం ఉంది, ఆనకట్ట కట్టినందుకు. రైళ్ల కన్నా కాలవలే మేలని ఆయన జీవితాంతం వాదించాడు. మనుషులకైనా సరుకుకైనా పడవ చవక, పైగా అదే నీరు పొలానికీ పారుతుందన్నది ఆయన లెక్క. డెల్టాలో కాలవల మీద పడవలు అంతకాలం రాజ్యమేలడానికి ఆ ఆలోచనే కారణం. అలాంటి మనిషే ఈ గడ్డ మీద మొదటి పట్టాలు వేయించాడు! ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. రాయి కొండ దగ్గర ఉంది, పని నది దగ్గర ఉంది. ఆ రాయి మోయడానికి దవళేశ్వరంలో పట్టాలు పడ్డాయి. రైలు చరిత్ర రాసినవాళ్లు దీన్ని 1845 ప్రాంతానిదిగా చెబుతారు.

ఇక్కడే జాగ్రత్త పడాలి. 'భారతదేశంలో మొట్టమొదటి రైలు మా దవళేశ్వరానిదే' అని మనవాళ్లు ఛాతీ విరుచుకుంటారు. అది నిలబడదు. మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రాళ్లు మోసిన రైలు 1837 నాటిది. దాన్ని వేయించిందీ కాటనే! ప్రయాణికుల రైలు అంటే 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణాకు వెళ్లినది. దవళేశ్వరానిది వీటి మధ్య నిలిచే పని రైలు. ఆ మాత్రం గౌరవం చాలదా? 'మొట్టమొదటి' అనే మాట రాసేటప్పుడల్లా దేనిలో మొదటిది అని పక్కన రాయండి: సరుకులోనా, ప్రయాణికుల్లోనా, ఆవిరిలోనా, ఈ జిల్లాలోనా. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

చూడటానికి ఏముంది అంటే: కాటన్ మ్యూజియం, దాని ఆవరణలో పాత యంత్రాలు. బ్యారేజీ మీద నడుస్తూ దవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ గుర్తుపట్టండి. తర్వాత రాయి తవ్విన కొండ వైపు తిరిగి, కొండకీ నీటికీ మధ్య వాలు ఎలా ఉందో చూడండి. బండి ఏ దారిన దిగి ఉంటుందో నేలే చెబుతుంది.

పెద్దవాళ్లను అడగడం

ఇది తొందరగా చేయాల్సిన పని. దేశంలో బ్రాడ్ గేజ్ మీద ఆవిరి 1995తో ముగిసింది. బొగ్గు ఇంజిన్ మీద ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్లయినవాళ్లు ఇప్పుడు బాగా పెద్దవాళ్లు. రాజమండ్రిలో, నిడదవోలులో, సామర్లకోటలో రైల్వే క్వార్టర్ల చుట్టుపక్కల, టీ కొట్ల దగ్గర అడిగితే ఎవరో ఒకరు చూపిస్తారు.

వెళ్లేటప్పుడు ఫొటోలు పట్టుకెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లి 'మీ అనుభవాలు చెప్పండి' అంటే 'ఏముంది బాబూ, డ్యూటీ చేశాం' అంటారు, అయిపోయింది. అదే ముక్కు మీద నక్షత్రం ఉన్న డబ్ల్యూపీ ఫొటో చేతిలో పెట్టి, 'బాబాయ్ గారూ, దీన్ని రాజమండ్రి నుంచి బెజవాడ తోలుతుంటే నీళ్లెక్కడ పట్టేవారండీ?' అని అడగండి. 'ఎక్కడేంటండీ, ఆ రోజుల్లో...' అని మొదలెడితే కాఫీ చల్లారిపోయేదాకా ఆగరు. నీళ్లు, బొగ్గు, డ్యూటీ గంటలు, వంతెన మీద ఎంత వేగం, తుపాను రాత్రి ఏం చేశారు. ఇలా చేతి పని గురించి అడగండి, అభిప్రాయాలు వాటంతటవే వస్తాయి. ఎక్స్‌బీ అనే ఇంజిన్ పేరు ఎవరి నోటైనా వస్తే చెవులు రిక్కించండి. 1920ల నాటి రకం అది, వేగంలో నిలకడ లేక పట్టాల్ని కుదిపేస్తుందన్న పేరు మోసింది. 1937లో బీహార్‌లోని బిహ్టా ప్రమాదం తర్వాత దాని మీద పెద్ద విచారణే జరిగింది.

చెప్పినవన్నీ తేదీతో సహా రాయండి, రికార్డు చేసేముందు అడగండి. వాళ్లు చెప్పిన సంవత్సరం మాత్రం నేరుగా నమ్మకండి. 'మా పెద్దమ్మాయి పుట్టిన ఏడాది', 'పెద్ద తుపాను వచ్చిన ఏడు' లాంటి గుర్తు పట్టుకుని సరిచూడండి. కోస్తాలో 1977 నవంబరు ఉప్పెన మరిచిపోయినవాళ్లు ఉండరు, దానికి ముందా తర్వాతా అని అడిగితే చాలు.

కాగితాలు

1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీరు మొదట చూడాల్సినది. రైల్వే, కాలవలు, రేవులు అన్నీ ఒకచోట దొరుకుతాయి, అంతర్జాలంలో ఉచితంగా ఉంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయండి. పాత ఆంగ్ల కాగితాల్లో వెతికేటప్పుడు ఊళ్ల పేర్లు ఇప్పటి స్పెల్లింగుతో దొరకవు. కాకినాడ అక్కడ కోకనాడా, ఏలూరు ఎల్లోర్, విజయవాడ బెజవాడ. ఇందుకు స్టేషన్ కోడ్‌లే సాక్ష్యం. విజయవాడ ఇప్పటికీ బీజెడ్ఏ, కాకినాడ టౌన్ సీసీటీ, ఏలూరు రెండు ఈలు.

కంపెనీ పేర్లు కూడా కాలాన్ని బట్టి మారతాయి. మొదట ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. 1901లో వాల్తేరుకు దిగువనున్న భాగం మద్రాసు రైల్వే చేతికి పోయింది. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా. 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వే. ఒక పాత పట్టా ముక్క మీదో, స్టేషన్ గంట మీదో కంపెనీ పొడి అక్షరాలు కనిపిస్తే ఈ జాబితా పక్కన పెట్టి చూడండి, కాలం ఇంచుమించుగా తేలిపోతుంది.

ఇంకా తేలని సంగతి ఉంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. 'వంతెన చరిత్ర తెలపండి' అని రాస్తే ఏమీ రాదు. 'ఫలానా కిలోమీటరు దగ్గరున్న ఫలానా నంబరు వంతెన ఏ సంవత్సరంలో కట్టారు, గడ్డర్లు ఎప్పుడు మార్చారు' అని అడిగితే ఒక కాగితమైనా చేతికొస్తుంది.

పట్టాల దగ్గర

పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ రెండు గంటలు చెల్లుతుంది, ముందు అది కొనండి. పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా సంగతి అటుంచండి, కరెంటు ఇంజిన్ వస్తున్న చప్పుడు వినబడదు. బొగ్గు ఇంజిన్ల కాలం నాటి ధైర్యం ఇప్పుడు పనికిరాదు. పైన తీగలో 25,000 వోల్టులు. సెల్ఫీ కర్ర, పొడుగు ట్రైపాడ్, లోహపు గొడుగు ఎత్తకండి. పాత వంతెన మూతపడింది కదా అని ఎక్కకండి.

ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు వచ్చి అడిగితే కెమెరా దాచకండి, వాదించకండి. నోటు పుస్తకం తీసి చూపించండి. నంబర్లు, తేదీలు, షెడ్ పేర్లు వరసగా కనిపిస్తే చాలావరకు నవ్వి వదిలేస్తారు. వద్దంటే మాత్రం ఆపేయండి. యార్డు, షెడ్ లోపల తీయాలంటే ముందే డివిజన్ ప్రజా సంబంధాల అధికారికి ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి.

ఇంటికొచ్చాక ఆ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. ఫొటోల పేర్లు మార్చండి: తేదీ, స్టేషన్, ఇంజిన్ నంబరు, ఈ వరసలో. ఫోన్ పెట్టిన పేరుతో వదిలేస్తే ఏడాది తిరిగేసరికి మీ ఫొటో ఏ స్టేషన్‌దో మీకే తెలియదు. నోటు పుస్తకం పేజీని కూడా ఫొటో తీసి అదే ఫోల్డర్లో వేయండి.